అర మిల్లీలీటరు టీకాలో ఏముంది?

లేయర్ కోళ్ల షెడ్డులో టీకా వేసే రోజు తెల్లవారకముందే పని మొదలవుతుంది. ఎండెక్కితే పట్టుకున్న కోడి తట్టుకోలేదు. ఫ్రిజ్‌లోంచి ముందుగానే తీసిన సీసాలు ఈలోగా గది వేడికి వస్తాయి. అర లీటరు సీసా నిండా చిక్కటి తెల్లటి ద్రవం. సీసాను బాగా కదిపి ఆటోమేటిక్ సిరంజికి తగిలిస్తారు. ఒకరు కోడిని పట్టుకుంటే, మరొకరు మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లేపి దాని కింద సూది దించుతారు. నొక్కిన ప్రతిసారీ అర మిల్లీలీటరు లోపలికి వెళ్తుంది. ఒక సీసా వెయ్యి కోళ్లకు సరిపోతుంది.

ఆ అర మిల్లీలీటరులో వైరస్ ప్రొటీన్ ఎంత ఉంటుంది? చనిపోయిన వైరస్‌తో చేసే పక్షి ఫ్లూ టీకాలో, ఒక మోతాదుకు కనీసం 3 మైక్రోగ్రాముల హీమాగ్లుటినిన్ ప్రొటీన్ ఉండాలని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ప్రమాణ గ్రంథం సూచిస్తుంది. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. సీసాలో మిగతాదంతా నూనె, నీరు, ఆ రెండింటినీ విడిపోకుండా కలిపి ఉంచే పదార్థాలు. టీకా అనగానే మనం ఆ మూడు మైక్రోగ్రాముల గురించే మాట్లాడుకుంటాం. కానీ అదే ప్రొటీన్‌ను ఉత్త నీటిలో కలిపి ఎక్కిస్తే కోడిలో కాసిని యాంటీబాడీలు వచ్చి త్వరగా తగ్గిపోతాయి. నూనెలో కలిపి ఎక్కిస్తే నెలల తరబడి నిలుస్తాయి. ఆ ప్రొటీన్ జన్యువును మరో బతికున్న వైరస్‌లో అమర్చి ఇస్తే శరీరం ఇంకో తీరుగా స్పందిస్తుంది. టీకాను ఏ రూపంలో తయారుచేశామన్నదే కోడి బతుకుతుందా, బతికినా వైరస్‌ను పక్క కోడికి అంటిస్తుందా అన్నది చాలావరకు నిర్ణయిస్తుంది. ఈ అధ్యాయమంతా ఆ రూపం గురించే.

వైరస్ ఎక్కడెక్కడికి చేరుతుంది?

1878లో ఇటలీ శాస్త్రవేత్త ఎడోర్డో పెరొన్‌చితో ఉత్తర ఇటలీలో కోళ్లను తుడిచిపెట్టిన ఒక తెగులును వర్ణించాడు. అది ఇన్‌ఫ్లుయెంజా ఎ రకం వైరస్ పనేనని 1955లో తేలింది. ఈ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది ఆర్‌ఎన్‌ఏ ముక్కలుగా ఉంటుంది. పైపొర మీద రెండు ముఖ్యమైన ప్రొటీన్లుంటాయి. కణానికి అతుక్కుని లోపలికి దూరడానికి హీమాగ్లుటినిన్, కొత్తగా పుట్టిన వైరస్‌లు కణాన్ని వదిలి బయటపడటానికి న్యూరామినిడేజ్. హెచ్5ఎన్1, హెచ్9ఎన్2 అనే పేర్లలోని హెచ్, ఎన్ ఇవే.

హీమాగ్లుటినిన్ పనిచేయాలంటే కోడి శరీరంలోని ఎంజైమ్ ఒకటి దాన్ని ఒకచోట కోయాలి. హెచ్9ఎన్2 లాంటి తక్కువ తీవ్రత వైరస్‌ల విషయంలో ఆ కోత పెట్టగల ఎంజైమ్‌లు ప్రధానంగా శ్వాసనాళంలో, పేగులో ఉంటాయి. అందుకే అవి అక్కడివరకే పరిమితమవుతాయి. కోళ్లు గురక పెడతాయి, గుడ్లు తగ్గుతాయి, తోడుగా ఈకోలై చేరితే చనిపోతాయి. ప్రాణాంతకమైన హెచ్5, హెచ్7 రకాల్లో కోత పడేచోట క్షార గుణమున్న అమైనో ఆమ్లాలు వరుసగా పేరుకుని ఉంటాయి. అక్కడ కోత పెట్టగల ఫ్యూరిన్ అనే ఎంజైమ్ దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. దాంతో వైరస్ గుండె, మెదడు, క్లోమం దాకా పాకి, రెండు మూడు రోజుల్లో షెడ్డు ఖాళీ చేస్తుంది.

టీకా పనితీరును అర్థం చేసుకోవడానికి ఈ తేడా చాలా ముఖ్యం. రక్తంలో యాంటీబాడీలు దండిగా ఉంటే వైరస్ గుండెకూ మెదడుకూ చేరలేదు, కోడి బతుకుతుంది. కానీ ముక్కు, గొంతు, పేగు లోపలి తడిపొరల మీద రక్షణ పలచగా ఉంటే, అదే కోడి చూడటానికి ఆరోగ్యంగా ఉంటూనే వైరస్‌ను రెట్టలోనూ శ్వాసలోనూ వదలగలదు.

కోడికి లేనివి, ఉన్నవి

మనుషుల కోసం తయారైన టీకా సూత్రాలను కోడికి నేరుగా వర్తింపజేయలేం. కోడికి మనలాంటి లింఫ్ గ్రంథులు లేవు. ప్లీహం, పేగు మొదట్లో, చివర్లో ఉండే కణజాలం, కంటి వెనకనున్న హార్డేరియన్ గ్రంథి ఆ పని చేస్తాయి. తోక దగ్గర విసర్జన ద్వారానికి పైన బర్సా ఆఫ్ ఫాబ్రిషియస్ అనే చిన్న సంచి ఉంటుంది. దాని పని ఏమిటో శతాబ్దాల పాటు ఎవరికీ తెలియలేదు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థి బ్రూస్ గ్లిక్ బర్సా తీసేసిన కోళ్లను పెంచాడు. పాఠం కోసం అతని సహవిద్యార్థి ఆ కోళ్లలో కొన్నిటికి సాల్మొనెల్లా యాంటిజెన్ (యాంటీబాడీలను రేపే పదార్థం) ఎక్కిస్తే, వాటిలో యాంటీబాడీలు తయారవలేదు. 1956లో వారు ప్రచురించిన పరిశోధన తర్వాతి కాలంలో రోగనిరోధక శాస్త్రానికే మలుపైంది. మనిషితో సహా వెన్నెముక ఉన్న జీవుల్లో యాంటీబాడీలు తయారుచేసే కణాల గురించిన అవగాహనకు దారి చూపింది ఈ కోడి అవయవమే. షెడ్డులో గంబోరో జబ్బు వచ్చి చిన్నతనంలోనే బర్సా దెబ్బతిన్న కోడికి ఎంత మంచి ఫ్లూ టీకా వేసినా స్పందన బలహీనంగా ఉండటానికి కారణం కూడా ఇదే.

వైరస్ లోపలికి వచ్చిందని మొదట పసిగట్టే అణువుల్లోనూ కోడికీ బాతుకూ తేడా ఉంది. కణంలోకి చొరబడిన ఆర్‌ఎన్‌ఏను గుర్తించే రిగ్-ఐ అనే ప్రొటీన్ బాతులో ఉంది, కోడిలో లేదు. ఈ సంగతిని కెనడా పరిశోధకుల బృందం 2010లో చూపించింది. చాలా ఫ్లూ రకాలను బాతు పెద్దగా జబ్బుపడకుండా మోయగలగడానికి ఇదొక కారణం. అలాగే బ్యాక్టీరియా డీఎన్‌ఏలో కనిపించే సీపీజీ వరుసలను మన శరీరం టీఎల్ఆర్9 అనే గ్రాహకంతో గుర్తిస్తే, కోడి టీఎల్ఆర్21తో గుర్తిస్తుంది. సీపీజీ వరుసలను టీకాలో కలిపి స్పందన పెంచాలనుకునే శాస్త్రవేత్త కోడి గ్రాహకానికి నప్పే వరుసను వెతుక్కోవాల్సిందే. ఎలుక మీద బాగా పనిచేసినది కోడి మీద పనిచేస్తుందన్న హామీ లేదు. మనుషుల టీకాల్లో విరివిగా వాడే అల్యూమినియం లవణాలు కోళ్లలో నూనెతో పోలిస్తే వెనకబడతాయి.

నూనెలో నీటి బిందువులు

వైరస్‌ను సాధారణంగా 9 నుంచి 11 రోజుల వయసున్న పిండమున్న గుడ్లలో పెంచుతారు. లోపలి ద్రవాన్ని తీసి ఫార్మాలిన్‌తో గానీ బీటా ప్రోపియోలాక్టోన్‌తో గానీ వైరస్‌ను చంపుతారు. ఈ రసాయనం మోతాదు మించితే ప్రొటీన్ రూపం చెడి, యాంటీబాడీలు గుర్తించాల్సిన భాగాలే దెబ్బతింటాయి. తగ్గితే బతికున్న వైరస్ మిగిలిపోయే ప్రమాదం. అంటే టీకా నాణ్యత నూనె చేరకముందే సగం తేలిపోతుంది.

తర్వాత వైరస్ ఉన్న నీటిని ఖనిజ నూనెలో చిలుకుతారు. వెన్నలో నీటి బిందువులు కొవ్వు మధ్య చిక్కుకుని ఉంటాయి, పాలలో కొవ్వు బిందువులు నీటి మధ్య తేలుతుంటాయి. నూనె టీకాల్లో చాలావరకు వెన్న కోవకు చెందినవే. నూనె మధ్య దాదాపు మైక్రాను సైజు నీటి బిందువులు, ఆ బిందువుల్లో వైరస్. సుమారు 70 పాళ్ల నూనెకు 30 పాళ్ల నీరు వాడే మిశ్రమాలు ఎక్కువ. తయారైన టీకా సరిగా కుదిరిందో లేదో చూడటానికి ఒక తేలిక పరీక్ష ఉంది. గాజు పాత్రలో చల్లటి నీళ్లు పోసి పైనుంచి ఒక చుక్క టీకా వేస్తారు. బయట నూనె ఉన్న మిశ్రమమైతే చుక్క చెదరకుండా నీటి మీద ముద్దగా నిలుస్తుంది. నూనె బిందువుల లోపల మళ్లీ నీటి బిందువులుండే రెండంచెల మిశ్రమమైతే, బయట నీరే ఉంటుంది కాబట్టి తెల్లటి పొగలా కరిగి వ్యాపిస్తుంది. మొదటి రకం చిక్కగా ఉంటుంది, నెమ్మదిగా పనిచేస్తుంది, రక్షణ ఎక్కువకాలం నిలుస్తుంది. రెండో రకం పలచగా ఉండి సూదిలోంచి సులువుగా దిగుతుంది, స్పందన త్వరగా మొదలవుతుంది, కానీ సాధారణంగా అంతకాలం నిలవదు.

చర్మం కింద నూనె ఏం చేస్తుంది? మొదటిది, యాంటిజెన్‌ను ఒక్కసారిగా వదలకుండా రోజుల తరబడి కొంచెం కొంచెంగా విడుదల చేస్తుంది. రెండోది, ఆ చోట వాపు పుట్టించి మాక్రోఫేజ్ వంటి కణాలను రప్పిస్తుంది. ఆ కణాలు వైరస్ ముక్కలను మింగి, ప్లీహం వంటి చోట్లకు మోసుకెళ్లి, యాంటీబాడీలు తయారుచేసే కణాలకు చూపిస్తాయి. ఈ వాపే టీకా బలం, దాని ఖరీదు కూడా. నూనె సరిపడనంత ముతకైతే, బిందువులు సమంగా లేకపోతే, సూది మురికిదైతే మెడ దగ్గర గడ్డ కడుతుంది, కోడి మేత తగ్గిస్తుంది. 1930లలో జూల్స్ ఫ్రాయిండ్ ఖనిజ నూనెలో చంపిన క్షయ జాతి బ్యాక్టీరియాను కలిపి తయారుచేసిన మిశ్రమం బలమైన స్పందన ఇచ్చింది. కానీ అది పుట్టించే పుండ్ల వల్ల ప్రయోగశాలకే పరిమితమైంది. ఆ తర్వాత దశాబ్దాల శ్రమంతా, బలం తగ్గకుండా బాధ తగ్గించే శుద్ధమైన నూనెల కోసం, వాటిని కలిపి ఉంచే పదార్థాల కోసం సాగింది.

మరో చిక్కు కాలానిది. నూనె శరీరంలో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి, టీకా వేశాక 42 రోజులపాటు కోడిని కోయరాదన్న నియమం అమెరికాలో ఉంది. మన దగ్గర బ్రాయిలర్ కోడి 35 నుంచి 42 రోజుల్లో మార్కెట్‌కు వెళ్తుంది. ఏడాదికి పైగా బతికే లేయర్‌కు సరిపోయే టీకా రూపం బ్రాయిలర్‌కు సరిపోకపోవడానికి ఇదొక్క లెక్క చాలు.

పళ్లెంలో కనిపించే సమాధానం

టీకా పనిచేసిందా అని ఎలా తెలుస్తుంది? ప్రయోగశాలలో 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం తీసుకుంటారు. కోడి రక్తంలోంచి తీసిన సీరాన్ని ఒక గుంటలో పోసి, పక్క గుంటలో దాన్ని సగానికి పలచన చేస్తారు, ఆ పక్కన మళ్లీ సగానికి. 1:2, 1:4, 1:8, 1:16 అంటూ వరుస సాగుతుంది. ప్రతి గుంటలో ఒకే కొలత వైరస్ కలిపి, ఆపైన కోడి ఎర్ర రక్తకణాలు వేసి, సుమారు అరగంట నుంచి నలభై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. యాంటీబాడీలు లేనిచోట వైరస్ రక్తకణాలను ఒకదానికొకటి అంటించి పలచటి దుప్పటిలా పరుస్తుంది. యాంటీబాడీలు వైరస్‌ను పట్టేసిన చోట రక్తకణాలు అడుగుకు జారి ఎర్రటి బొట్టుగా కూడుకుంటాయి. పళ్లేన్ని ఒరగదీసి పట్టుకుంటే ఆ బొట్టు కన్నీటి చారలా కిందికి జారుతుంది. ఎంత పలచన చేసినా బొట్టు జారుతున్న చివరి గుంటే ఆ కోడి యాంటీబాడీ స్థాయి.

1:32 స్థాయి ఉంటే కోడి చావకుండా నిలబడుతుందని, వైరస్ పెరుగుదలనూ విడుదలనూ గట్టిగా తగ్గించాలంటే 1:128 దాటాలని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే పక్షి ఫ్లూ టీకాల అసలు సమస్య. చవకగా, యాంటిజెన్ తక్కువగా, నూనె సరిగా చిలకకుండా తయారుచేసిన టీకా కోడిని 1:32 దాకా తేవచ్చు. చావులు ఆగుతాయి, రైతు తేలికపడతాడు, వైరస్ మాత్రం షెడ్డులో తిరుగుతూనే ఉంటుంది.

పళ్లెంలో కనిపించేది కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. పరీక్షకు వాడిన వైరస్, టీకాలోని వైరస్ ఒకటే అయితే స్థాయి ఘనంగా వస్తుంది. ఊళ్లో తిరుగుతున్న వైరస్ ఈలోగా మారిపోయి ఉంటే ఆ ఘనతకు విలువ లేదు. అందుకే ప్రస్తుతం తిరుగుతున్న వైరస్‌తోనే పరీక్షించాలి. మెక్సికో అనుభవం ఇందుకు గట్టి ఉదాహరణ. 1994-95లో అక్కడ హెచ్5ఎన్2 ప్రాణాంతక రూపం దాల్చింది. 1995లో టీకాలు మొదలుపెట్టి ఆ ప్రాణాంతక రూపాన్ని అణచగలిగారు. అయితే తక్కువ తీవ్రత హెచ్5ఎన్2 తిరుగుతూనే ఉండిపోయింది. ఏళ్ల తరబడి అదే టీకా కొనసాగింది. ఈలోగా వైరస్ టీకాకు దూరంగా జరిగిపోయిందని, కొత్త రకాల విడుదలను పాత టీకా సరిగా ఆపలేకపోతోందని 2004లో పరిశోధకులు చూపించారు. యాంటిజెన్ మోతాదు పెంచి, మంచి నూనె వాడితే చిన్న తేడాలను కొంతవరకు పూడ్చవచ్చు. పెద్ద తేడాను ఏ నూనే పూడ్చలేదు.

మంచి టీకా ఏం చేయగలదో నెదర్లాండ్స్ చూపించింది. 2003లో హెచ్7ఎన్7 వల్ల ఆ దేశం సుమారు మూడు కోట్ల కోళ్లను కోల్పోయింది. తర్వాత అక్కడి పరిశోధకులు టీకా వేసిన కోళ్లకు వైరస్ ఎక్కించి, వాటి మధ్య వేరే కోళ్లను ఉంచి, వైరస్ అంటుకుంటుందా అని చూశారు. టీకా వేసి రెండు వారాలు గడిచిన కోళ్లలో వ్యాప్తి పూర్తిగా ఆగింది. ‘కోడి బతికిందా’ అని అడగడంతో ఆగకుండా ‘పక్క కోడికి అంటిందా’ అని అడిగిన ప్రయోగమది. ప్రతి టీకానూ ఈ ప్రశ్నతోనే పరీక్షించాలి.

మోసుకెళ్లే వైరస్‌లు

ప్రాణాంతక హెచ్5 వైరస్‌ను గుడ్లలో పెంచితే పిండాన్నే చంపేస్తుంది, దిగుబడి ఉండదు, కార్మికులకూ ప్రమాదం. చైనాలోని హార్బిన్ పశువైద్య పరిశోధన సంస్థలో చెన్ హువాలాన్ బృందం దీనికి మార్గం కనిపెట్టింది. గ్వాంగ్‌డాంగ్ గూస్ జాతి పెద్దబాతులో 1996లో దొరికిన హెచ్5ఎన్1 నుంచి హెచ్, ఎన్ జన్యువులు రెండే తీసుకుంది. ప్రాణాంతకమైన ఆ కోతచోటును మార్చి, గుడ్లలో విపరీతంగా పెరిగే 1934 నాటి ప్యూర్టోరికో మానవ ఫ్లూ వైరస్ నుంచి మిగతా ఆరు ముక్కలు జోడించింది. ఆర్ఈ-1 పేరుతో వచ్చిన ఈ విత్తన వైరస్ తర్వాత, తిరుగుతున్న రకాలు మారినప్పుడల్లా కొత్త విత్తనాలు వచ్చాయి. 2002 నుంచి 2010 మధ్య ప్రపంచంలో వాడిన పక్షి ఫ్లూ టీకాలు 11,300 కోట్ల మోతాదులకు పైనే. అందులో 90 శాతం పైగా చైనావే. మొత్తంలో సుమారు 95 శాతం నూనెలో కలిపిన చనిపోయిన వైరస్ టీకాలు.

మిగిలిన ఐదు శాతంలోనే ఎక్కువ వైవిధ్యం ఉంది. వీటిలో హెచ్ జన్యువును వేరే వైరస్ మోస్తుంది. కోడి మశూచి వైరస్‌ను మెక్సికోలో ఇలా వాడారు. కోడికి ముందే మశూచి మీద రోగనిరోధకత ఉంటే టీకా పనిచేయదు కాబట్టి ఒకరోజు పిల్లకే వేయాలి. కొక్కెర తెగులు వైరస్‌ను చైనా వాడింది. నీళ్లలో కలిపి ఇవ్వచ్చు, పిచికారీ చేయవచ్చు. గొంతులో తడిపొర మీదే రక్షణ పుట్టించడం దీని ప్రత్యేకత. కానీ దాదాపు ప్రతి తల్లికోడికీ కొక్కెర తెగులు టీకా పడి ఉంటుంది. తల్లి యాంటీబాడీలు పచ్చసొన ద్వారా పిల్లకు చేరి, మొదటి రెండు మూడు వారాలు ఈ టీకా వైరస్‌నే నిర్వీర్యం చేస్తాయి. పిల్లను కాపాడే ఆస్తి పిల్లకిచ్చే టీకాకు అడ్డమవుతుంది. ఒకరోజు పిల్లకు నూనె టీకా వేసినా ఇదే ఇబ్బంది.

ఈ చిక్కును చాలావరకు దాటినది టర్కీ కోళ్ల హెర్పిస్ వైరస్. మారెక్స్ జబ్బుకు హేచరీల్లో దశాబ్దాలుగా వాడుతున్న టీకా ఇదే. ఇది కణాల లోపల దాక్కుని వ్యాపిస్తుంది కాబట్టి తల్లి యాంటీబాడీలకు అంతగా దొరకదు. 18 రోజుల గుడ్డులోకే యంత్రంతో ఎక్కించవచ్చు, లేదా పుట్టినరోజునే వేయవచ్చు. జీవితాంతం కోడిలో ఉండి, మెల్లగా హెచ్5 ప్రొటీన్ తయారుచేస్తూ ఉంటుంది. చనిపోయిన వైరస్ టీకా ప్రధానంగా యాంటీబాడీలనే ఇస్తే, ఇది వైరస్ సోకిన కణాలను చంపే టి కణాలను కూడా రేపుతుంది. అందువల్ల పళ్లెం పరీక్షలో స్థాయి తక్కువగా కనిపించినా కోడి తట్టుకోగలదు. లోటు ఏమిటంటే రక్షణ పూర్తిగా రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, సీసాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో నిల్వ ఉంచాలి. హేచరీలో ఇది వేసి, తర్వాత నూనె టీకాతో బలపరిస్తే రెండింటి మేళ్లూ దక్కుతాయి.

చనిపోయిన వైరస్‌నే చిటోసాన్ వంటి జీవపదార్థాల అతిచిన్న రేణువుల్లో చుట్టి కంట్లో, ముక్కులో చుక్కలుగా వేసే ప్రయోగాలు కూడా జరుగుతున్నాయి. హార్డేరియన్ గ్రంథిని కదిలించి తడిపొర మీద ఐజీఏ యాంటీబాడీలను పుట్టించాలన్నది వీటి లక్ష్యం. వైరస్ ప్రవేశించే చోటే కాపలా పెట్టే ఈ మార్గం వేల కోళ్లకు ఒక్కొక్కటిగా సూది వేసే కష్టాన్నీ తగ్గించగలదు.

రెండు దేశాల పాఠం

2013లో చైనాలో హెచ్7ఎన్9 మనుషులకు సోకడం మొదలైంది. కోళ్లలో లక్షణాలే కనిపించని ఆ వైరస్ 2016-17లో ప్రాణాంతక రూపం కూడా తీసుకుంది. ఆ ఒక్క విడతలోనే ఏడువందలకు పైగా మనుషులకు సోకింది. 2017 సెప్టెంబరులో హెచ్5, హెచ్7 రెండూ ఉన్న టీకాను దేశవ్యాప్తంగా కోళ్లకు వేశారు. తర్వాతి విడతలో మనుషుల కేసులు మూడంటే మూడే. కోడికి వేసిన టీకా మనిషి ప్రాణం కాపాడిందనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు.

ఫ్రాన్స్ కథ బాతులది. 2021-22లో ఆ దేశంలో 1,378 ఫారాల్లో ప్రాణాంతక హెచ్5ఎన్1 బయటపడింది. తర్వాతి ఏడాది 396. జబ్బు లక్షణాలు కనిపించకముందే బాతులు వైరస్‌ను విపరీతంగా వదులుతాయి కాబట్టి, 2023 అక్టోబరు 1 నుంచి 250కి మించి బాతులున్న ఫారాల్లో టీకా తప్పనిసరి చేశారు. ఆ ఏడాది వ్యాధి బయటపడిన ఫారాలు 10. ఆ చలికాలంలో యూరప్ అంతటా వైరస్ ఉధృతి కొంత తగ్గిన మాటా నిజమే, అయినా తగ్గుదలలో పెద్ద వాటా టీకాదేనని విశ్లేషకులు అంచనా వేశారు. మొదట వాడిన టీకాలో ఫ్లూ వైరస్ లేదు. కీటక కణాల్లో బాక్యులోవైరస్ సాయంతో తయారుచేసిన హెచ్5 ప్రొటీన్ ఉంది. తర్వాత, శరీరంలో తనంతట తానే ప్రతులు పెంచుకునే ఆర్‌ఎన్‌ఏ టీకా కూడా చేరింది.

ఈ రూపాన్ని ఎంచుకోవడం వెనక మరో లెక్క ఉంది. పూర్తి వైరస్‌తో చేసిన టీకా వేస్తే కోడిలో వైరస్ లోపలి ప్రొటీన్లకూ యాంటీబాడీలు వస్తాయి. అప్పుడు రక్తపరీక్షలో టీకా వేసిన కోడికీ వైరస్ సోకిన కోడికీ తేడా తెలియదు. హెచ్ మాత్రమే ఉన్న టీకా వేస్తే, లోపలి ప్రొటీన్‌కు యాంటీబాడీలు కనిపించిన పక్షికి అసలు వైరస్ సోకిందని పట్టేయవచ్చు. ఇటలీలో ఇలారియా కపువా బృందం హెచ్7ఎన్1 తిరుగుతున్నప్పుడు హెచ్7ఎన్3 టీకా వాడి, ఎన్ తేడాతో ఈ పని సాధించింది. వ్యాపారానికి ఇది ప్రాణం. ఫ్రాన్స్ టీకాలు మొదలుపెట్టగానే అమెరికా అక్కడి కోళ్ల ఉత్పత్తుల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. టీకా మాటున వైరస్ దాక్కోవచ్చన్న భయమే అందుకు కారణం.

మన షెడ్డుల ముందున్న ప్రశ్న

భారత్‌లో హెచ్5ఎన్1 మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2024లో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో తణుకు ప్రాంతంలోని వేల్పూరు, ఆ పక్కనే కానూరు అగ్రహారంలో కోళ్లు కుప్పలుగా చనిపోయాయి. నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళ్లి వైరస్ ఖాయమైంది. కిలోమీటరు వ్యాసార్ధంలో కోళ్లను చంపి పాతిపెట్టడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం మన విధానం. గుడ్ల ఉత్పత్తిలో దేశానికే ముందున్న రాష్ట్రంలో ఆ కిలోమీటరు గీత ఎన్ని కుటుంబాల మీదుగా వెళ్తుందో గోదావరి జిల్లాల్లో అడిగితే తెలుస్తుంది.

ప్రాణాంతక రకాలకు టీకా వాడకాన్ని మన దేశం అనుమతించలేదు. తక్కువ తీవ్రత హెచ్9ఎన్2కు మాత్రం భోపాల్ సంస్థ చనిపోయిన వైరస్ టీకాను తయారుచేసింది. ఆ పరిజ్ఞానాన్ని 2022లో నాలుగు కంపెనీలకు ఇచ్చింది, వాటిలో సికింద్రాబాద్ కంపెనీ ఒకటి. హెచ్9ఎన్2ను చిన్నచూపు చూడటానికి లేదు. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురిని చంపిన హెచ్5ఎన్1కూ, 2013 నాటి హెచ్7ఎన్9కూ లోపలి జన్యువులు ఈ కుటుంబం నుంచే వచ్చాయి. అది షెడ్డులో తిరిగినంతకాలం కొత్త కలయికలకు తలుపు తెరిచే ఉంటుంది.

రేపు హెచ్5కు టీకా అనుమతిస్తారా లేదా అన్నది ప్రభుత్వం, శాస్త్రవేత్తలు, రైతులు కలిసి తేల్చాల్సిన విషయం. కానీ ఏ టీకా వచ్చినా దాన్ని అడగాల్సిన ప్రశ్నలు ఇప్పుడే నేర్చుకోవాలి. ఇందులోని విత్తన వైరస్ ఇప్పుడు తిరుగుతున్న దానికి దగ్గరదేనా? మోతాదులో యాంటిజెన్ ఎంత? వేసిన కోళ్లలో పరీక్షిస్తే ఎన్నిటిలో 1:128 దాటింది? పక్క కోడికి అంటడం ఆగిందా? సోకిన కోడినీ టీకా వేసిన కోడినీ వేరు చేయగలమా? ఈ ఐదింటికీ జవాబు చెప్పలేని టీకా చావులను దాచిపెడుతుంది, వైరస్‌కు మాత్రం ఆశ్రయమిస్తుంది.

జవాబు చెప్పగలిగిన టీకా కూడా షెడ్డులో ఓడిపోవచ్చు. నూనె టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే నూనె, నీరు విడిపోతాయి, ఇక ఎంత కదిపినా ఆ సీసా పనికిరాదు. చల్లగా వేస్తే చిక్కబడి మోతాదు తగ్గుతుంది. కదపకుండా వేస్తే మొదటి కోడికీ వెయ్యో కోడికీ ఒకే మోతాదు అందదు. పట్టుకోవడం కష్టమని వదిలేసిన పది కోళ్లు చాలు, వైరస్ బతకడానికి. టీకా వేసిన మూడు నాలుగు వారాలకు కొన్ని కోళ్ల రక్తం పరీక్ష చేయించండి. ఆ ఖర్చును దండగ అనుకోకండి. వేసిన నూనె టీకా పనిచేసిందో లేదో మీకు చెప్పగలిగేది ఆ పళ్లెం ఒక్కటే.